నాలుగు మూలల హోరు

జూన్ 8, ఆదివారం

పొగ వచ్చింది.

కంప్యూటర్ స్పీకర్ల జతలో ఒకదాని కడుపులో ఆంప్లిఫైయర్ ఉంటుంది, రెండోది ఉట్టి డబ్బా. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా హోమ్ థియేటర్ పెట్టె వెనకనుంచి స్పీకర్ వైరు లాక్కొచ్చి నేరుగా ఆ కడుపున్నదాని నోట్లో దూర్చినాను. ఒక ఆంప్లిఫైయర్ కక్కింది ఇంకో ఆంప్లిఫైయర్ మింగితే ఏమవుతుంది. కాలింది. మోటార్ వైండింగ్ షాపులో పని చేసేవాడు చేసే పనేనా ఇది. షాపు నడిపే సుశీల్ అన్నకి చెప్తే షాపంతా చెప్పుకుని నవ్వుతాడు. చెప్పను.

అమ్మ వంటింట్లోనుంచి వచ్చింది. "ఇల్లు తగలబెట్టేదాకా ఊరుకోవా టైటస్."

"కాలింది స్పీకరు. ఇల్లు కాదు."

"వాసన ఇల్లంతా ఉండాది."

నాయన మంచం మీద కూర్చుని పొగ వైపు చూసినాడు. ఏమీ అనలేదు. ఇదివరకైతే ఈపాటికి లేచొచ్చి నా వంశం మొత్తాన్ని తిట్టేవాడు, అది తన వంశమే అని కూడా మర్చిపోయి.

వాకాడులో నెట్ సెంటర్ మూసేసి నరేంద్రబాబు అన్న సామానంతా పాత ఇనుముకి వేస్తుంటే ఈ స్పీకర్లు తెచ్చుకున్నాను. మూడు జతలు. హోమ్ థియేటర్ పెట్టె పోయినేడు చెన్నైలో పాత సామాన్ల బజారులో దొరికింది, స్పీకర్లు లేకుండా. సినిమా పెడితే ముందునుంచి, వెనకనుంచి, పక్కలనుంచి మోగాలి. నాకోసం చేసుకుంటున్నాను. ఇంట్లో వాళ్లకి సంబంధం లేదు.

జూన్ 9, సోమవారం

ఈ పొద్దు కూడా గంగులయ్య మామ బండి మీద ఎక్కించుకొచ్చి నాయన్ని వాకిట్లో దించినాడు. చీకటితోనే లేచి రొయ్యల గుంటల కాడికి పోయినాడంట. లుంగీ మోకాళ్లదాకా బురద.

"మీ నాయన్ని చూసుకోండిరా. నేను కాపలా ఉండే చోటికి వచ్చి నా మీద కాపలా కాస్తుండాడు" అన్నాడు మామ. నవ్వుతూనే అన్నాడు, కానీ గుంటల యజమాని పద్మనాభయ్యకి తెలిస్తే తన పని పోతుందని భయం. ఆ పని మొన్న మార్చిదాకా నాయనది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి నాయనదే.

ఇది రాసి పెట్టుకుంటాను. నాయన నిద్రపోలేదు. మార్చిలో ఆ రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ తగులుకోలేదు, నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోయినాయి, గాలాడక తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలినాయి. పంట చేతికొచ్చే టైముకి. తప్పు జనరేటర్‌ది. జనరేటర్ ఎవరిది? పద్మనాభయ్యది. నిద్రపోయినాడని నింద వేసి తరిమేసింది ఎవరు? పద్మనాభయ్య. ఊళ్లో ఎవరడిగినా నేను ఇదే చెప్తున్నాను. నిద్రపోలేదు.

అప్పటినుంచి నాయనకి నిజంగానే నిద్ర లేదు.

జూన్ 12, గురువారం

గూడూరులో డాక్టరు మాత్రలు రాసినాడు. వేసుకుంటే పగలంతా మత్తుగా ఉంటాడు, రాత్రి కళ్లు తెరుచుకుని ఉంటాడు, తెల్లారకముందే గుంటల కాడికి పోతాడు.

అమ్మ తువ్వాలుతో తన చెయ్యీ నాయన చెయ్యీ కలిపి కట్టుకుని పడుకుంది. పొద్దున్నే చూస్తే తువ్వాలు నాలుగు మడతలు పెట్టి అమ్మ దిండు పక్కన ఉంది. నాయన లేడు.

"ఇంత నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో కూడా నిద్ర రాకపోతే ఎట్టా" అని అమ్మ ఏడ్చింది.

పద్మనాభయ్య గంగులయ్య మామతో కబురు పంపినాడు. ఇంకోసారి మా నాయన హెబ్రోను ఏరియేటర్ల స్టార్టర్ బాక్సు దగ్గర కనిపిస్తే పోలీసులకి చెప్తాడంట. చెప్పమను. నేనూ చెప్తాను స్టేషన్లో, గట్టు మీద వైర్లన్నీ తోలు ఊడి నీళ్లలో పడి ఉన్నాయని. ఎవడి ప్రాణం పోతుందో పోలీసులే చూసుకుంటారు.

ఆ వైర్ల మధ్యలోనే నాయన చెప్పులు లేకుండా చీకట్లో నడుస్తున్నాడు.

జూన్ 15, ఆదివారం

చర్చికి పోలేదు. స్పీకర్లు విప్పినాను. కాలింది బోర్డు ఒక్కటే, లోపల మోగే కాగితం కోన్ బతికే ఉంది. రెండు జతల్లో బోర్డులు పీకేసి వైర్లు నేరుగా కోన్‌లకే అతికినాను. ఇప్పుడవి ఆంప్లిఫైయర్ లేని మామూలు స్పీకర్లు, పెద్ద పెట్టెకి చక్కగా వంగి పని చేస్తాయి. చిన్న కోన్‌లు కాబట్టి లోతు శబ్దం వీటికి పంపొద్దని పెట్టె సెట్టింగుల్లో చెప్పాలి, లేకపోతే చిరుగుతాయి. ఇది వీడియోలో ఎవరూ చెప్పలేదు. ఒక కోన్ కొంచెం చిరిగినాక నాకే తెలిసింది.

ముందర రెండు, నడిమిన ఒకటి. బాగా మోగినాయి. వెనక వాటికే వచ్చింది తంటా. పెట్టెలో వెనక స్పీకర్ల దారి చచ్చిపోయి ఉంది. అందుకే అమ్మినాడు ఆ చెన్నై వాడు, నా బట్ట. పెట్టె వెనక ఇంకొన్ని చిన్న గుండ్రటి సాకెట్లు ఉన్నాయి, వాటిలోనుంచి సన్నటి సిగ్నలు వస్తుంది. దానికైతే ఆంప్లిఫైయర్ కడుపులో ఉన్న జతే కావాలి. మూడో జత విప్పకుండా అట్లాగే పెట్టినాను. వెనక గోడ అంటే నాయన మంచం ఉన్న గోడ. మంచానికి పైన చెక్క కొట్టి రెండూ ఎక్కించినాను.

ఆన్ చేస్తే గుయ్య్య్ అని ఒకటే హోరు. సినిమా ఆపినా హోరే. సౌండు సున్నా చేసినా హోరే.

"నీ తలమీద పెట్టుకో ఆ డబ్బాలు, మీ నాయన తలమీద కాదు" అనింది అమ్మ.

జూన్ 17, మంగళవారం

ప్లగ్గు తిప్పి పెట్టినాను. హోరు. వైరు మార్చినాను. హోరు. వేడెక్కితే తగ్గుతుందేమోనని రాత్రంతా ఆన్‌లోనే వదిలేసినాను. తగ్గలేదు. పెట్టెని చెరువులో వేయాలనిపించింది.

మధ్యాహ్నం నాయన కునుకు తీసినాడని అమ్మ చెప్పింది. మాత్రలు పట్టినట్టున్నాయి.

జూన్ 19, గురువారం

నాయన పోలేదు. తెల్లారాక లేచినాడు. మాత్రలే.

జూన్ 20, శుక్రవారం

హోరు. ఇవాళ కూడా రాత్రంతా ఆన్‌లో పెట్టి చూస్తాను.

జూన్ 22, ఆదివారం

చర్చి అయినాక పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి నాయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. నాయన నాలుగైదు రోజులుగా పడుకుంటున్నాడని అమ్మ చెప్తే, దేవుడు మొదలుపెట్టినాడు అన్నాడు. మాత్రలు అన్నాను నేను. అమ్మ నన్ను ఒక చూపు చూసింది. అయ్యగారు పైకి చూసి, "ఏంది ఈ ఈగల మోత" అన్నాడు. స్పీకర్లండీ అని చెప్పాల్సి వచ్చింది. సిగ్గయింది. ఈ వారంలో దీని అంతు తేలుస్తాను.

జూన్ 24, మంగళవారం

తేల్చినాను.

సుశీల్ అన్ననే అడిగినాను ఆఖరికి. "పెట్టెకొక ప్లగ్గు, స్పీకర్లకొక ప్లగ్గు. ఇద్దరికీ ఎర్తు వేరు వేరు దారిలో పోతుండాది. రెండూ ఒకే బోర్డు మీద పెట్టు, మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వెయ్యి" అన్నాడు. పాత రేడియోలోనుంచి ఒకటి పీకి ఇచ్చినాడు. అతికించి ఆన్ చేసినాను. ఒక్క చుక్క శబ్దం లేదు. సినిమా పెడితే వాన వెనకనుంచి కురిసింది. నేను కట్టిన దాంట్లోనుంచి, పాత ఇనుముకి పోయే వాటిలోనుంచి. గట్టిగా అరవాలనిపించింది.

నాయన తలెత్తి చెక్క వైపు చూసినాడు. "ఆపేసినావా?"

"ఆపలేదు. బాగు చేసినాను."

"ఓహో" అన్నాడు.

ఇన్నాళ్లకి మంచి రోజు.

జూన్ 25, బుధవారం

నాయన పోయినాడు. వానలో గుంటల కాడికి పోయినాడు. స్టార్టర్ బాక్సు మూత తీసి చెయ్యి లోపల పెట్టబోతుంటే గంగులయ్య మామ వెనకనుంచి పట్టి లాగినాడంట. రేకు తగిలి కాలు తెగింది. అమ్మ పసుపు పెట్టి కట్టు కట్టింది. మామ చూసినాడు కాబట్టి బతికినాడు, లేకపోతే ఏమయ్యేది.

కట్టు కట్టడం అయినాక బండి తీసుకుని పద్మనాభయ్య మీదికి పోయినాను.

గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మేత ట్రే చూసుకుంటున్నాడు. నేను బండి దిగకముందే మొదలుపెట్టినాను. నీ జనరేటర్ పాడైతే మా నాయన ఏం చేస్తాడు, నిద్రపోయినాడని నింద వేసి మనిషిని పిచ్చివాణ్ణి చేసినావు, పైగా పోలీసులా అని. ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

ఆయన ట్రే కింద పెట్టినాడు. "అయిందా? కూర్చో."

"కూర్చోను."

"అయితే నిలబడే విను. మీ నాయన నిద్రపోయినాడని నేననలేదు. ఆయనే అన్నాడు. తెల్లారి వచ్చి ఇదిగో ఈడ నిలబడి, అయ్యా, జ్వరంగా ఉంటే మాత్ర వేసుకున్నా, నిద్రపట్టేసింది, హోరు ఆగింది కూడా వినపడలేదు అని చెప్పినాడు. నేను అప్పుడు కోపంలో ఉండా, నోటికొచ్చింది అన్నా. కానీ రావద్దు అనలేదు. రెండో రోజునుంచి ఆయనే రాలేదు. పోయి అడుగు మీ నాయన్ని."

నేను బండి తాళం తిప్పుతూ గుంట వైపు చూసినాను.

"పోలీసులంటే భయపడి రాకుండా ఉంటాడని ఆ మాట చెప్పిపంపినా. బాక్సులో చెయ్యి పెడితే చస్తాడు గదరా. నాకేం సరదానా?"

వైర్లు బాగు చేయించొచ్చు గదా అన్నాను. అది మాత్రం అన్నాను. ఆయన తల దించుకుని మళ్లీ ట్రే తీసుకున్నాడు.

జూన్ 26, గురువారం

నాయన్ని అడగలేదు.

జూన్ 28, శనివారం

మెల్లగా రాయాలి, ఏదీ మర్చిపోకుండా.

మధ్యాహ్నం నాయన షాపుకి నాకు అన్నం తీసుకొచ్చినాడు. అమ్మ పంపింది, ఊరికే కూర్చోబెడితే ఇంకా చెడతాడని. ఆ టైముకి నేను కొత్తగా చుట్టిన ఏరియేటర్ మోటారు టెస్టుకి పెట్టి ఉన్నాను. సాయంత్రందాకా ఆగకుండా తిరగాలి అది. నాయన దాని పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి తల గోడకి ఆనించి, నోరు తెరిచి, గురకపెడుతున్నాడు.

సుశీల్ అన్న నా భుజం తట్టినాడు. "ఏందిరా మీ నాయన? ఇంత మోతలో మనిషన్నవాడు పడుకుంటాడా?"

"మాత్రలన్నా" అన్నాను.

"ఏం మాత్రలో నాకూ చెప్పు."

వేరే పనికి స్విచ్చు కావాల్సి వచ్చి అన్న మోటారు ఆపినాడు. మోత ఆగింది. నాయన ఎవరో కొట్టినట్టు లేచి నిలబడినాడు. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపుదాకా పోయినాడు.

"ఎందుకాపినావు?" అన్నాడు నా వైపు తిరిగి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకాపినావురా?"

అన్న మళ్లీ ఆన్ చేసినాడు. నాయన కాసేపు నిలబడి, వచ్చి కూర్చున్నాడు. అన్నం గిన్నె నా ముందుకి తోసినాడు. కొంచెం సేపటికి మళ్లీ తల గోడకి ఆనింది.

గుంటల మీద కాపలా ఉండేవాళ్లందరూ అంతే. హోరులో పడుకుంటారు, ఆగితే లేస్తారు. చిన్నప్పుడు నేను కూడా సెలవుల్లో షెడ్డులో నాయన పక్కన అట్లాగే పడుకున్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాయనకి అది రాత్రంతా ఏరియేటర్లు ఆగిపోయి ఉండటమే. లేవకుండా ఎట్లా ఉంటాడు?

నాయన పడుకున్న రోజులన్నీ నా స్పీకర్లు గుయ్యిమన్న రోజులు. మళ్లీ గుంటల కాడికి పోయింది నేను బాగు చేసిన రాత్రి. మాత్రలు కాదు. ఎంత మొద్దుని.

ఇంటికొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ పీకేసినాను. గుయ్య్య్. అమ్మ ఏదో అనబోయింది. "అమ్మా, గమ్మునుండు, చెప్తా" అన్నాను.

జూన్ 30, సోమవారం

రెండు రాత్రులూ పోలేదు. కానీ మధ్యలో లేచి కూర్చుంటున్నాడు. ఈ హోరు సన్నగా ఉంది, నీళ్లు లేవు దీంట్లో. నాయన చెవికి తెలిసిపోతుంది.

అసలు సిసలుదే తెస్తాను.

జూలై 6, ఆదివారం

గంగులయ్య మామ దగ్గరికి పోయి ఏరియేటర్లు రికార్డు చేసుకుంటానంటే ముందు నమ్మలేదు.

"సినిమా తీస్తుండావా?"

"లేదు మామా. నాయన నిద్రకి."

"నిద్రకి ఇదా? నాకు దీన్ని తప్పించుకుని ఒక్క రోజు ఇంట్లో పడుకుంటే చాలని ఉండాది." అని, చుట్టూ చూసి, "పద్మనాభయ్య రాకముందే కానియ్యి" అన్నాడు.

ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి కర్రకి కట్టి నాలుగు ఏరియేటర్ల దగ్గరా విడివిడిగా రికార్డు చేసినాను. మామ ఆ కర్ర పట్టుకుని నిలబడినాడు, మొహమంతా తుంపర. "మీ నాయన లేచి నన్ను పేరుపెట్టి పిలిస్తే చాలురా. ఈ మధ్య గట్టు మీద ఎదురుపడినా నా మొహం చూడటం లేదు. ఆ పనిలో నన్ను పెట్టినారని" అన్నాడు. కర్ర కొంచెం ఎత్తుగా పట్టుకో మామా అన్నాను.

షాపు కంప్యూటర్లో ఆ నాలుగింటినీ నాలుగు దారులుగా కలపడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముందు ఒకటే దారిలో పెట్టి వినిపిస్తే నాయన మొహం తిప్పుకున్నాడు. "రేడియోలో గుంట" అన్నాడు. నిజమే. గుంట ఒక పక్కనుంచి మోగదు. మనిషి మధ్యలో ఉంటాడు.

సాయంత్రం నాలుగు మూలల్లో నాలుగు స్పీకర్లు పెట్టినాను. సినిమా కోసం పెట్టినవే, కొంచెం జరిపినాను అంతే. లోతు శబ్దం ఈ చిన్న కోన్‌ల వల్ల కాదు కాబట్టి సౌండు ఎక్కువ పెట్టకుండా, ఇంటి గోడలకి ఆనించినాను. గోడ కొంచెం లోతు ఇస్తుంది. ఆన్ చేసినాను.

నాయన మంచం మీద తిన్నగా కూర్చున్నాడు. తల ఒక మూలకి తిప్పినాడు, ఇంకో మూలకి తిప్పినాడు. చాలాసేపు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఆ మూలది మూడో నంబరు" అన్నాడు నాయన వాకిలి వైపు చూపించి. "బేరింగ్ పోతుండాది దాంది. గంగులయ్యకి చెప్పు."

అని, పడుకున్నాడు.

జూలై 8, మంగళవారం

మూడో నంబరు మోటారు షాపుకి వచ్చింది. బేరింగే.

సుశీల్ అన్న, "స్పీకర్లో విని చెప్పినాడా?" అని రెండుసార్లు అడిగినాడు. అవునన్నాను. కొత్త మోటార్ల టెస్టుకి నాయన్ని పంపమన్నాడు. "ఊరికే బెంచీ మీద పడుకున్నా చాలు, ఏదైనా తేడా ఉంటే నిద్రలోనే చెప్తాడు" అన్నాడు. నవ్వుకి అన్నాడనుకున్నాను. నిజంగానే అన్నాడు.

జూలై 9, బుధవారం

పడుకున్నాడు.

జూలై 10, గురువారం

పడుకున్నాడు. అమ్మ పడుకోలేదు.

జూలై 13, ఆదివారం

అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆయన కోసం అని ఊరుకుంటే నాకు పిచ్చెక్కేటట్టుంది. రొయ్యల గుంటలో పడుకున్నట్టుంది, మీద ఎవడో నీళ్లు కొడుతున్నట్టు."

"చెవుల్లో దూది పెట్టుకో."

"నువ్వు పెట్టుకో దూది, నోట్లో."

ఆఖరికి ఒక్కొక్క స్పీకర్ వైరుకి ఒక్కొక్క స్విచ్చు పెట్టినాను, ఫ్యానుకి పెట్టేది లాంటిది. తన తల దగ్గరది అమ్మ ఆపుకోవచ్చు. నాయన నిద్రలోకి పోయినాక మెల్లగా ఆపుతుంది. కొన్నిసార్లు నాయన నిద్రలోనే చెయ్యి చాపి మళ్లీ ఆన్ చేస్తాడు. పొద్దున ఇద్దరూ పోట్లాడుకుంటారు. మార్చినుంచి ఈ ఇంట్లో పోట్లాటే లేదు. వంటింట్లో గిన్నె పడింది, నాయన అమ్మని "ఎలిశబెతూ, చెవుడా" అన్నాడు. నేను షాపుకి బయల్దేరినవాణ్ణి గుమ్మంలో ఆగి విన్నాను.

జూలై 27, ఆదివారం

పోట్లాటలు పెరిగినాయి. మంచిదే.

ఆగస్టు 3, ఆదివారం

నాయనే చెప్పినాడు. నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు.

మధ్యాహ్నం భోజనం అయినాక వాకిట్లో కూర్చున్నాం. నాయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, "పద్మనాభయ్య కాడికి పోయినావంట" అన్నాడు.

"ఊ."

"ఏం చెప్పినాడు?"

"నువ్వు నిద్రపోయినావని నువ్వే చెప్పినావంట."

"పోయినా." పుల్ల తీసి చూసి, పారేసినాడు. "జ్వరం. పట్టేసింది. లేచేసరికి తెల్లారింది, అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం... అది నీకు తెలీదు."

నేను వాకిట్లో మట్టి మీద గీతలు గీస్తున్నాను.

"నువ్వు ఊరంతా తిరిగి నిద్రపోలేదు, నిద్రపోలేదు అని చెప్తుంటివి. ఎవడైనా అడిగితే కొట్టబోతుంటివి. ఇంట్లో నా కొడుకే నమ్మటం లేదే, ఇంక నేను ఎవురికి చెప్పేది నిద్రపోయినా అని? పద్మనాభయ్య తిట్టినాడు, ఆయన పంట పోయింది, తిడతాడు. మనిషిరా, నిద్ర పట్టింది అని ఒక్కడంటే ఒక్కడు అనలేదు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక నా మోకాలి మీద కొట్టుకున్నాను. కాసేపటికి అన్నాను. "మనిషివే గదా నాయనా. జ్వరం. పట్టింది."

"అదే" అన్నాడు నాయన. "అదే నేననేది."

తర్వాత చాలాసేపు మూడో నంబరు బేరింగ్ గురించి మాట్లాడుకున్నాం.

ఆగస్టు 17, ఆదివారం

మాత్రలు మానేసినాడు. గూడూరు డాక్టరు బాగుంది అన్నాడు, తన మాత్రలు పని చేసినాయి అన్నాడు. నేనేమీ అనలేదు. అమ్మ అయ్యగారి ప్రార్థన అంటుంది. దానికీ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం నాకు ఇంత తేలికగా ఎప్పుడూ లేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

నిన్న సాయంత్రం గంగులయ్య మామ వచ్చినాడు. వాకిట్లోనే నిలబడినాడు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు. "అన్నా, రేపు రొయ్యల పట్టుబడి. వలలు వస్తుండాయి."

నాయన అతని మొహం చూసినాడు. "గంగులయ్యా, సైజు ఎంత వచ్చింది?" అన్నాడు. మామ చెప్పినాడు. "బాగుంది" అన్నాడు నాయన. "మేత బాగా చూసుకున్నావు. కూర్చో, టీ తాగు." మామ నా వైపు చూసినాడు, పేరుపెట్టి పిలిచినాడు విన్నావా అన్నట్టు. విన్నాను.

ఈ పొద్దు జరిగింది రాస్తున్నాను.

నేను షాపుకి తయారవుతుంటే నాయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. నాలుగు మూలలా హోరు. ఎందుకో ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు. ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు.

"ఇప్పుడు వలలు దించి ఉంటారు" అన్నాడు.

పట్టుబడి రోజు ఏరియేటర్లు అన్నీ ఒకేసారి ఆపరు. ఒక్కొక్కటి ఆపుతారు, వల దాని దగ్గరికి వచ్చే కొద్దీ. ఆపేది కాపలా మనిషే, వేరే వాళ్లు చెయ్యి పెట్టరు. ఇన్ని నెలలు దాన్ని ఆగకుండా చూసుకున్నవాడే ఆపాలని గుంటల మీద ఒక పద్ధతి. ఆఖరుది ఆపినాక ఆ మనిషికి ఎవరూ ఏ పనీ చెప్పరు. షెడ్డులో పడుకుంటాడు. చిన్నప్పుడు చూసినాను, నాయన ఆ రోజు మధ్యాహ్నందాకా చచ్చినట్టు పడుకునేవాడు, అందరూ వల లాగుతూ కేకలేస్తుంటే. పోయిన పంటకి ఆ ఆపడం లేదు. అవంతట అవే ఆగినాయి.

నాయన లేచి వాకిలి మూలకి పోయినాడు. స్విచ్చు మీద వేలు పెట్టి కాసేపు విన్నాడు. ఆపినాడు. హోరు ఒక పక్క పలచబడింది. నిలబడినాడు. తర్వాత కిటికీ మూలది. అమ్మ అట్లు పోస్తున్నది ఆపి చూస్తోంది. తర్వాత అమ్మ తల దగ్గరది. ఇంక ఒకటే ఉంది, మంచం మీదది. నాయన దానికి చాలాసేపు చెయ్యి పెట్టలేదు. నేను బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. పోతే ఏమవుతుందో, ఆగితే ఏమవుతుందో తెలియలేదు. ఆపినాక చెప్పులేసుకుని పరిగెత్తితే నేను ఎంత వేగంగా పోవాలా అని లెక్కలు వేస్తున్నాను.

ఆపినాడు.

ఇంత నిశ్శబ్దం మా ఇంట్లో ఉంటుందని మర్చిపోయినాను. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నది వినిపించింది. పెనం మీద అట్టు చుయ్యిమంటున్నది.

నాయన మంచం మీద కూర్చున్నాడు. కాళ్లు పైకి పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగినాడు.

అమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఏమైంది? కరెంటు పోయిందా?"

"లేదు" అన్నాను. "పట్టుబడి అయింది."

షాపుకి ఫోన్ చేసి రానని చెప్పినాను. ఎందుకురా అన్నాడు సుశీల్ అన్న. నాయన పడుకున్నాడు అన్నాను. పడుకుంటే నీకేం పని అన్నాడు. ఏం పనో నాకూ తెలియదు, గుమ్మంలో కూర్చున్నాను. అమ్మ ఒక అట్టు తెచ్చి నా చేతిలో పెట్టి తనూ పక్కన కూర్చుంది. లోపల గురక.

మధ్యాహ్నం దాటినాక గంగులయ్య మామ బండి మీద వచ్చినాడు. ఒళ్లంతా బురద, చేతిలో సంచి. పట్టుబడి రోజు కాపలా మనిషికి కూరకి ఇచ్చే రొయ్యలు. సగం తనకి ఉంచుకుని సగం మాకు తెచ్చినాడు.

"అన్న ఏడీ?"

"పడుకున్నాడు మామా."

"స్పీకర్లు మోగడం లేదే."

"ఆపినాడు. ఆయనే ఆపినాడు."

మామ కిటికీలోనుంచి లోపలికి తొంగి చూసినాడు. కాసేపు అట్లాగే చూసినాడు. లేపనా అని అడిగితే చెయ్యి అడ్డం ఊపినాడు. సంచి అమ్మ చేతికి ఇచ్చి బండి దగ్గరికి పోయి, స్టార్ట్ చేయకుండా స్టాండు తీసినాడు.

"మోతకి నాయన లేవడు మామా" అన్నాను. "ఆయన సంగతి నీకు తెలుసు గదా."

"ఏమోలేరా" అన్నాడు. బండి తోసుకుంటూ పోయినాడు, సందు చివరిదాకా, ఆ ఎండలో.